దుమ్ము గెలాక్సీల్లో వాయువు లెక్కకు ఏ గుణకం వాడాలి?

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం దూరపు దుమ్ము గెలాక్సీల గురించి చదువుతున్నాను. 1990ల చివర్లో హవాయిలోని టెలిస్కోపుకు అమర్చిన స్కూబా అనే సబ్‌మిల్లీమీటర్ తరంగాల కెమెరాతో బయటపడ్డ రకం. వీటిలో ఏడాదికి వందల సూర్యుళ్లంత పదార్థం నక్షత్రాలుగా మారుతుంది, మన పాలపుంతలో అది ఒకటి రెండే.

నా చిక్కంతా వాయువు దగ్గర. చల్లటి హైడ్రోజన్ అణువులు దాదాపు ఏ కాంతీ ఇవ్వవు కాబట్టి కార్బన్ మోనాక్సైడ్ ఇచ్చే వర్ణపట గీత వెలుగును కొలిచి, దాన్ని ఒక గుణకంతో హెచ్చవేస్తారు. పాలపుంతకు ఆ గుణకం సుమారు 4.3. ఢీకొని కలిసిపోతున్న గెలాక్సీలకు మాత్రం 0.8 వాడతారు. ఏడాదికి 500 సూర్యుళ్లు పుట్టే గెలాక్సీలో 0.8తో 4,000 కోట్ల సూర్యుళ్ల వాయువు వచ్చిందనుకోండి, అది 8 కోట్ల ఏళ్లలో ఖాళీ. అదే 4.3 అయితే 43 కోట్ల ఏళ్లు! కథే మారిపోతుంది కదా. మా గైడ్‌ని అడిగితే "ఏదో ఒకటి పెట్టి కారణం రాయి" అన్నారు.

పైగా నేను తీసుకున్న గెలాక్సీ రెడ్‌షిఫ్ట్ 2.3, అంటే విశ్వ విస్తరణ వల్ల దాని కాంతి తరంగాలు 3.3 రెట్లు సాగి మనకు చేరతాయి. చిలీలోని ఆల్మా రేడియో టెలిస్కోపు డేటాలో, కార్బన్ మోనాక్సైడ్ అణువు భ్రమణ శక్తిలో మూడో మెట్టు నుంచి రెండో మెట్టుకు దిగినప్పుడు వచ్చే గీతే ఉంది. గుణకం వర్తించే అన్నిటికన్నా కింది గీత (ఒకటో మెట్టు నుంచి సున్నాకు) 35 గిగాహెర్ట్జ్ దగ్గర పడుతుంది, ఆ డేటా నా దగ్గర లేదు. ఈ రెండు గీతల వెలుగుల నిష్పత్తి ఎంత అనుకోవాలి? ఢీకొన్న ఆనవాళ్లు స్పష్టంగా లేనప్పుడు 0.8 వాడటం సబబేనా? దుమ్ము వెలుగు నుంచి విడిగా వాయువు లెక్కగట్టి సరిచూడాలంటే దుమ్ము ఉష్ణోగ్రత ఎంత పెట్టాలి?

ఈ డేటాతో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి. వచ్చే నెలే వైవా, టెన్షన్‌గా ఉంది.