అప్‌డేట్: స్పోర్ట్స్ ఫిజికల్‌పై నర్స్ ప్రాక్టీషనర్ సంతకం చెల్లుతుంది

టెక్సస్‌లో తొమ్మిదో తరగతిలో చేరుతున్న మా అబ్బాయికి స్పోర్ట్స్ ఫిజికల్ (బడి ఆటల పోటీల్లో పాల్గొనే ముందు చేసే ఆరోగ్య పరీక్ష) డాక్టరే చేయాలా, నర్స్ ప్రాక్టీషనర్ (పై చదువులు చదివి, రోగులను పరీక్షించే అర్హత పొందిన నర్సు) చేసినా చెల్లుతుందా అని ఇదివరకు అడిగాను. చెల్లుతుంది. ఇక్కడి ప్రభుత్వ పాఠశాలల పోటీలను నిర్వహించే యూనివర్సిటీ ఇంటర్‌స్కొలాస్టిక్ లీగ్ ఫారంలోనే, డాక్టరు, ఫిజీషియన్ అసిస్టెంట్, నర్సింగ్ బోర్డు గుర్తించిన అడ్వాన్స్‌డ్ ప్రాక్టీస్ నర్సు, కైరోప్రాక్టర్ (వెన్నెముక, కీళ్ల సమస్యలకు చేతులతో చికిత్స చేసేవారు) మాత్రమే సంతకం చేయవచ్చని, మరెవరి సంతకాన్నీ అంగీకరించరని స్పష్టంగా ఉంది. నర్స్ ప్రాక్టీషనర్లు మూడో కోవకు చెందుతారు. మామూలు రిజిస్టర్డ్ నర్సు సంతకం సరిపోదు.

పరీక్ష పైపైన ముగుస్తుందేమోనన్న నా బెంగ కూడా తీరింది. నర్స్ ప్రాక్టీషనర్ మా వాడి గుండె చప్పుడును పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి మరోసారి విన్నారు, కాళ్లలో నాడి చూశారు, మా కుటుంబంలో 50 ఏళ్లలోపే గుండె జబ్బుతో పోయినవారున్నారని మేము రాసిన జవాబు దగ్గర ఆగి, ఎవరు, ఏ వయసులో, ఎలా అని ఓపికగా అడిగి తెలుసుకున్నారు. తల్లిదండ్రులు కోరితే ఈసీజీ కూడా తీయించుకునే వెసులుబాటు 2019 నాటి రాష్ట్ర చట్టం వల్ల ఉంది కనుక, మేము దాన్ని తీయించాము. ఇలాంటి కుటుంబ చరిత్ర ఉన్నవారు ఫారంలో దాని గురించి అడిగే గడిని దయచేసి ఖాళీగా వదలకండి.

హైస్కూలు మొదటి, మూడో ఏళ్లలో ఫిజికల్ తప్పనిసరి. ఆరోగ్య చరిత్ర పత్రం మాత్రం ఏటా ఇవ్వాలి. ఇతర రాష్ట్రాలవారు తమ రాష్ట్ర ఫారంలోని సంతకం నిబంధనను అపాయింట్‌మెంట్‌కు ముందే చదువుకోవాలి.