చిలీలో 90 రోజులు అయిపోవస్తున్నాయి, అరికా నుంచి తాక్నా వెళ్లొస్తే చాలా?

అట్లాంటా శీను:
అమెరికా పాస్‌పోర్ట్ మీద చిలీలో ఉన్నా. టూరిస్టుగా ఇచ్చిన 90 రోజులు వచ్చే వారంతో ఆఖరు. ఆన్‌లైన్లో డబ్బులు కట్టి పొడిగింపు అడగడమా, మళ్లీ 90 రోజుల కోసం పొద్దున ఇక్కడి అరికా నుంచి సరిహద్దు దాటి పెరూలోని తాక్నాకి పోయి సాయంత్రానికి రావడమా? సంక్రాంతికి హైదరాబాద్ టికెట్ కూడా ఉంది.

బాటసారి విజ్జి:
రెండుసార్లు వెళ్లొచ్చా తమ్ముడూ. అరికా బస్టాండు దగ్గర కలెక్తీవోలుంటాయి. మన షేర్ ఆటో లెక్కే, ఐదుగురు నిండితే గానీ కారు కదలదు. ఎక్కగానే డ్రైవర్ అందరి పాస్‌పోర్టులూ పోగేసుకుని ఎటో వెళ్లిపోయాడు. నా గుండె జారిపోయింది! తీరా చూస్తే ప్రయాణికుల జాబితా రాయించడానికట. సరిహద్దులో ముందు చిలీ వాళ్ల కిటికీ, తర్వాత పెరూ వాళ్లది. రెండోసారి ఎక్కిన కారు డ్రైవర్‌కి మహా తొందర, పెరూ కిటికీ దగ్గర పని అవకముందే 'ఎక్కండెక్కండి' అన్నాడు. నేను కదల్లేదు. పెరూలోకి వచ్చినట్టే లెక్కల్లో లేకపోతే సాయంత్రం బయటికి ఎలా పంపుతారు? ముద్ర వేయకపోయినా కంప్యూటర్లో ఎక్కిందో లేదో అడుగు. చిలీలోకి వచ్చేటప్పుడు ఇచ్చే రసీదు లాంటి చీటీ మాత్రం పారేయకు.

గుంటూరు మిర్చి:
తిరిగొచ్చేటప్పుడు సంచి దులుపుకోండి బాబూ. తాక్నా మార్కెట్లో కొన్న మామిడిపండు అడుగున ఉండిపోయింది, చిలీలోకి పండ్లూ గట్రా తెస్తున్నారా అనే ఫారంలో 'ఏమీ లేవు' అని టిక్కు పెట్టేశా. స్కానర్లో దొరికింది. పండూ పోయింది, జరిమానా పడింది. తప్పు నాదే. ఇంటి నుంచి తెచ్చుకున్న ఎండుమిర్చి ఉన్నా సరే, 'ఉంది' అని రాయడమే మేలు.

హెచ్‌వన్ బాబాయ్:
శీనూ, నీది అమెరికా పాస్‌పోర్ట్ కాబట్టి నడుస్తుంది. సింగిల్ ఎంట్రీ వీసా మీద వచ్చిన నాలాంటి వాళ్లు గీత దాటితే ఆ వీసా అక్కడితో సరి. నీకైనా మళ్లీ 90 రోజులు ఇవ్వడం ఆఫీసరు ఇష్టం, అది హక్కనుకోకు. తిరుగు టికెట్ ప్రింటు దగ్గరుంచుకో.

బాటసారి విజ్జి:
అవును, రెండోసారి వెళ్లొచ్చినప్పుడు నన్ను తిరుగు టికెట్ అడిగారు. ఇంకోటి, ఈ సీజన్లో గడియారం రెండు గంటలు తేడా. తాక్నాలో నాలుగంటే అరికాలో ఆరు.

నర్సు పద్మ:
ఎవరూ చెప్పలేదేంటి! ఎల్లో ఫీవర్ ఉన్న దేశాలంటూ ఇండియా పెట్టుకున్న జాబితాలో చిలీ లేదు, పెరూ ఉంది. అక్కడ పూట గడిపినా సరే, ఆరు రోజుల్లోపు ఇండియాలో దిగితే టీకా కార్డు అడుగుతారు. లేకపోతే క్వారంటైన్. ఆ టీకా కూడా పది రోజుల ముందు వేసుకుంటేనే చెల్లుతుంది.

అట్లాంటా శీను:
అమ్మో, అక్కా, బతికించారు. బుధవారం వెళ్తా, ఫ్లైటు ఆ పై శుక్రవారం. తొమ్మిది రోజులు, గండం గడిచినట్టే. తాక్నాలో కళ్లజోళ్లు చవకట కదా, అదే రోజు ఇచ్చేస్తారా?

బాటసారి విజ్జి:
పొద్దునిస్తే భోజనాల వేళకి చేతిలో పెట్టారు. ఇప్పుడు నా ముక్కు మీదున్నది అదే.