పడుకునే చిన్న షెడ్డు: చూరు నీళ్లు వెనక్కి పాకి లోపలికి వస్తున్నాయి

ఒక్కరు పడుకునేలా ప్లైవుడ్‌తో 7 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు షెడ్డు కట్టుకున్నాను. పైన సాదా జింకు రేకు, ఒకే వైపు వాలు: 4 అడుగులకు 2 అంగుళాలు. రేకు గోడ దాటి ఒక్క అంగుళమే ఉంది.

చిన్న జల్లులకు ఏమీ కాదు. గట్టి వాన 10 నిమిషాలు పడితే నీళ్లు అంచు నుంచి కింద పడకుండా, రేకు అడుగునే అంటుకుని వెనక్కి పాకుతున్నాయి. టార్చి వేసి చూస్తే చుక్కలు వరసగా గోడ వైపు కదులుతున్నాయి. తలగడ పక్కన ప్లైవుడ్ అప్పుడే ఉబ్బింది, నా బెంగంతా అదే.

సిలికాన్ పూశాను, రెండు వానలకే ఊడింది. పీవీసీ పైపు నిలువునా చీల్చి చూరుకు కట్టాను, నీళ్లు దాని వెనక నుంచి జారాయి.

రేకు విప్పి వాలు పెంచకుండా, అంచుకు కిందికి వంచిన రేకు పట్టీ బిగిస్తే ఇది ఆగుతుందా?