మన టైమ్ తినేసేది ఫ్లైఓవర్లా, ఉక్కపోతా?

కాలువగట్టు (విజయవాడ)
మొన్న ఆదివారం లాంగ్ రన్ అయ్యాక ప్రకాశం బ్యారేజీ దగ్గర టీ తాగుతుంటే మొదలైన వాదన ఇది. అక్కడ తేలలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నాను. మన గ్రూపు షీట్‌లో ఒకరి ఫుల్ మారథాన్ టైమ్ 4:08, జనవరిలో ముంబైలో చేశారు. ఇంకొకరిది 4:21, ఆగస్టులో హైదరాబాద్‌లో. షీట్ ప్రకారం ముంబై ఆయన పైన, హైదరాబాద్ ఆయన కింద. నాకిది అన్యాయంగా ఉంది. హైదరాబాద్ టైమ్‌లో ఎంతో కొంత తగ్గించి చూడాలి. మరి దేనికి తగ్గించాలి, అక్కడి దారిలో ఎక్కి దిగే ఫ్లైఓవర్లకా, ఆగస్టు ఉక్కకా? నా వరకు ఉక్కే అసలు దొంగ. ఫ్లైఓవర్ ఎక్కితే అవతల దిగుతాం, పోయినదాంట్లో కొంతైనా తిరిగొస్తుంది. ఉక్క పట్టుకుపోయింది మళ్లీ రాదు.

బ్రాడీపేట 4వ లైను (గుంటూరు)
అన్నా, మీరు రోజూ పరిగెత్తేది బ్యారేజీ మీద, కరకట్ట మీద. చాప పరిచినట్టుండే రోడ్లవి. ఒక్కసారి కొండవీడు ఘాట్ రోడ్డు ఎక్కి చూసి ఈ మాట చెప్పండి. దిగేటప్పుడు తిరిగొస్తుందన్నది సగమే నిజం. దిగుడులో అడుగడుగునా తొడ కండరం సాగుతూనే బ్రేకు వెయ్యాలి. మర్నాడు గోడ పట్టుకుని మెట్లు దిగేది అందుకే. బోస్టన్ మారథాన్‌నే తీసుకోండి. మొదటి నుంచి చివరికి దాదాపు 140 మీటర్ల పల్లం. దిగుడే కదా అని ముందు ఉరికినవాళ్ల తొడలు సగం దారికే అరిగిపోతాయి. 32 కిలోమీటర్లు దాటాక హార్ట్‌బ్రేక్ హిల్ వస్తుంది, అక్కడ నడకే గతి.

కాలువగట్టు
బోస్టన్ తెచ్చావు కాబట్టి అక్కడే ఉందాం తమ్ముడూ. దారి ఏటా అదే. 2011లో వీపు మీద గాలి తోస్తుంటే జెఫ్రీ ముటాయ్ 2:03:02లో గెలిచాడు. 2012లో ఎండ మండిపోయింది, గెలిచిన వెస్లీ కోరిర్ టైమ్ 2:12:40. 2018లో గడ్డకట్టే చలి, కుండపోత వాన, ఎదురుగాలి. ఆ ఏడు గెలిచిన యూకీ కవౌచికి 2:15:58 పట్టింది. ఏడేళ్లలో గెలుపు టైమ్‌కి దాదాపు 13 నిమిషాల తేడా. కొండ ఉన్నచోటే ఉంది, మారింది ఆకాశం.

డ్రిల్లు మాస్టారు (గుంటూరు)
మనుషులు కూడా మారారు బాబూ. గెలుపు కోసం పరిగెత్తేవాడు పక్కవాణ్ణి చూస్తాడు, గడియారాన్ని కాదు. అందుకని ఆ 13 నిమిషాలూ ఆకాశం ఖాతాలో వెయ్యకు. అయినా నీ వైపే ఒక గట్టి సాక్ష్యం ఉంది, నువ్వు చెప్పలేదు. 2019 దోహా ప్రపంచ ఛాంపియన్‌షిప్స్, ఆడవాళ్ల మారథాన్. సముద్రం ఒడ్డున చదును దారి, అర్ధరాత్రి మొదలు. ఎండా లేదు, కొండా లేదు. 30 డిగ్రీలు దాటిన వేడి, దానికి తోడు 70 శాతం పైన తేమ. 68 మంది బయల్దేరితే 28 మంది మధ్యలోనే ఆగిపోయారు. గెలిచిన రూత్ చెప్‌న్‌గెటిచ్‌కే 2:32:43 పట్టింది. ఇప్పుడు దీని పక్కన 2024 పారిస్ ఒలింపిక్స్ పెట్టి చూడు. ఆ దారిలో 400 మీటర్లకు పైగా ఎక్కుడు. అంత ఎక్కుడులోనూ మగవాళ్ల పరుగులో తమిరత్ టోలా 2:06:26తో ఒలింపిక్ రికార్డు కొట్టాడు.

పటమట అక్క (విజయవాడ)
ఉక్క ఏం చేస్తుందో నేను కాటా మీద చూశాను. సెప్టెంబరులో ఒక ఆదివారం, తెల్లారుజామున 4:40కి బందరు కాలువ పక్కన 18 కిలోమీటర్లు. వాచీలో 26 డిగ్రీలే, చల్లగానే ఉందనుకున్నాను. బయల్దేరేముందు 61.4 కిలోలు, వచ్చాక 59.6. మధ్యలో అర లీటరు తాగాను. అంటే రెండు గంటల పది నిమిషాల్లో 2.3 లీటర్లు పోయాయి. వచ్చి టీషర్ట్ పిండితే బకెట్‌లోకి ధార కట్టింది. బూట్లు చప్‌చప్‌మంటున్నాయి. ఫోన్ తెర నా వేలిని గుర్తుపట్టలేదు.

ఆ బకెట్‌లో పడ్డ నీళ్లు నన్ను చల్లబరచలేదు. లీటరు చెమట ఒంటి మీద ఆవిరైతే దాదాపు 580 కిలోకేలరీల వేడి తీసుకుపోతుంది. కారిపోతే ఏమీ తీసుకుపోదు. దండెం మీద బట్టలు ఆరని రోజున ఒంటి మీద చెమటా ఆరదు. అప్పుడు గుండె కాళ్లకీ పంపాలి, వేడి వదలడానికి చర్మానికీ పంపాలి. ఆ రోజు మొదటి అయిదు కిలోమీటర్లలో నా గుండె వేగం 142, చివర్లో అదే పేస్‌కి 168. దారిలో ఒక్క ఎత్తు లేదు.

ఇంకో మాట, ఇది మెల్లగా పరిగెత్తేవాళ్లకే ఎక్కువ తగులుతుంది. పొద్దున 5కి మొదలైతే ముందున్నవాళ్లు ఏడున్నరకల్లా నీడలో కూర్చుంటారు. నేను తొమ్మిదిన్నరకీ ఎండలోనే ఉంటాను.

బ్రాడీపేట 4వ లైను
అక్కా, మీ కాటా లెక్క ఒప్పుకుంటాను. కానీ రూలు ఏం చెబుతోందో చూడండి. రికార్డుకి లెక్కలోకి రావాలంటే దారి మొత్తం మీద కిలోమీటరుకి మీటరు కన్నా ఎక్కువ పల్లం ఉండకూడదు. మొదలుకీ చివరికీ మధ్య నేరు దూరం మారథాన్ దూరంలో సగం దాటకూడదు. బోస్టన్ దారి ఇందులో ఇమడదు, అందుకే అక్కడ ముటాయ్ కొట్టిన 2:03:02 అప్పటి ప్రపంచ రికార్డు కన్నా వేగమైనా రికార్డుల్లోకి ఎక్కలేదు. 100 మీటర్ల పరుగుకి గాలి కొలుస్తారు, వెనక నుంచి తోసే గాలి సెకనుకి 2 మీటర్లు దాటితే రికార్డు లేదు. మారథాన్‌కి గాలీ కొలవరు, వేడికి మినహాయింపూ లేదు. దారిని మాత్రం టేపు పట్టి కొలిచినంత పని చేస్తారు. ఊరికే చేస్తారా?

కాలువగట్టు
ఆ రూలు ఎవరికీ అప్పనంగా సాయం అందకూడదని పెట్టింది. కష్టానికి పరిహారం ఇవ్వడానికి కాదు. ఎక్కుడు ఎక్కువుందని కూడా ఎవరి టైమూ తగ్గించరు కదా.

డ్రిల్లు మాస్టారు
అయితే షీట్‌లో మాత్రం ఎందుకు తగ్గించాలి? తగ్గించొద్దు. ఎక్కుడుకి ఇన్ని నిమిషాలు, తేమకి ఇన్ని అని గీత గీసే లెక్క ఎవరి ఒంటికి వాళ్లకే వేరు. మా పిల్లల్లో ఉక్కని లెక్కచెయ్యని వాళ్లున్నారు, చిన్న ఎత్తుకే కూలబడ్డవాళ్లూ ఉన్నారు. గడియారం చూపింది చూపినట్టు రాయండి. పక్కన మూడు గళ్లు పెట్టండి. మొత్తం ఎక్కుడు ఎన్ని మీటర్లు, మొదలైనప్పుడు వేడి-తేమ, ముగిసినప్పుడు వేడి-తేమ. మూడోది మనిషి మనిషికీ మారుతుంది, అదే అసలు సంగతి చెబుతుంది.

పటమట అక్క
నా 5:12 పక్కన మూడూ నింపి పంపాను. ముగిసినప్పుడు 31 డిగ్రీలు. నాలుగేళ్లుగా షీట్‌లో అడుగునే ఉంది ఆ అంకె. అది ఎంత వేడిలో వచ్చిందో ఎవరూ అడగలేదు.

బ్రాడీపేట 4వ లైను
గళ్లు సరే. వాదన మాత్రం వదల్లేదు. జనవరిలో మబ్బు పట్టని చల్లటి ఆదివారం చూసుకుని కాలువగట్టు అన్న కొండవీడు రావాలి. గుండె వేగం 150 దాటకుండా ఎక్కి దిగాలి. అదే దూరం, అదే 150తో బ్యారేజీ మీద ఒకసారి చల్లటి రోజున, ఇంకోసారి వచ్చే ఆగస్టులో. మూడు టైములూ ఇక్కడే పెడదాం.

కాలువగట్టు
వస్తాను. కాటా అక్క దగ్గర తీసుకుంటాను.