వెంటిలేటర్ తీసేయమంటే బాబాయిని మనమే చంపుకున్నట్టా?

ఒంగోలు అబ్బాయి:

మా బాబాయి ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. 67 ఏళ్ళు. సంక్రాంతికి ముందు ఒకరోజు పెరట్లో పళ్ళు తోముకుంటూ కుప్పకూలాడు. ఆగిన గుండె ఆసుపత్రిలో మళ్ళీ కొట్టుకుంది గానీ, ఆలోపు మెదడుకు ఆక్సిజన్ అందలేదు. ఇప్పుడు గొంతుకు రంధ్రం చేసి (ట్రాకియాస్టమీ అంటారు) వెంటిలేటర్ పెట్టారు. ముక్కు గొట్టంలోంచి పాలు, జావ. ఎమ్మారై, ఈఈజీ చూసిన న్యూరో డాక్టరు మొదట "చెప్పలేం" అన్నాడు. గట్టిగా అడిగితే "తెలివి రాదు" అన్నాడు. బ్రెయిన్ డెడ్ మాత్రం కాదట.

కళ్ళు తెరుస్తాడు, ఆవులిస్తాడు. మొన్న పిన్ని ఫోన్ చెవి దగ్గర పెట్టి, డాలస్‌లో ఉన్న తమ్ముడి చేత మాట్లాడిస్తే కంటి కొసన నీళ్ళొచ్చాయి. ఇక పిన్నికి ఏం చెప్పగలం? రోజూ ఐసీయూకి వెళ్ళి ఒళ్ళు తుడిచి, వీపు మీద పుండ్లకు పౌడరు వేసేది చెల్లెలు. అది "నాన్నను హింస పెడుతున్నాం అన్నయ్యా" అంటోంది. తమ్ముడేమో "ముంబయి ఆసుపత్రిలో తెలివి లేకుండా పడున్న నర్సు అరుణా శాన్‌బాగ్‌ను 42 ఏళ్ళు చూసుకున్నారు, మనం కొన్ని నెలలు చూడలేమా?" అంటాడు.

డిపోలో తన జోడీ డ్రైవరు ఇలాగే పడిపోతే చూసొచ్చి, కాళ్ళు కడుక్కుంటూ బాబాయి అన్న మాట నాకు గుర్తుంది: "నన్నట్లా ఉంచారంటే దయ్యమై పట్టుకుంటా." అందరం నవ్వాం. కాగితం మీద మాత్రం ఏమీ లేదు.

రోడ్డు పక్క స్థలం బేరానికి పెట్టాం. డబ్బు మాట ఎత్తడానికి అందరికీ భయమే. ఆసుపత్రివాళ్ళు లామా (డాక్టర్లు వద్దన్నా మా ఇష్టంతో తీసుకెళ్తున్నామనే కాగితం) సంతకం పెట్టి తీసుకెళ్ళమంటున్నారు. ఏం చేయాలి?

రాత్రి డ్యూటీ సిస్టర్:

లామా పెట్టకండి. అంబులెన్సులో చేత్తో ఊపిరి అందించే అంబు బ్యాగ్ నొక్కుకుంటూ ఇంటికి తీసుకెళ్ళి, గుమ్మం దగ్గర తీసేసిన కేసులు చాలా చూశాను. ఆయాసం కళ్ళముందే జరుగుతుంది, ఇంటావిడ దాన్ని జన్మలో మర్చిపోదు. పద్ధతిగా తీసేటప్పుడు ముందే మార్ఫిన్ లాంటి మందులిస్తాం, కఫం తీస్తాం, అలారాలు ఆపేస్తాం, ఇంటివాళ్ళను పక్కన కూర్చోనిస్తాం.

కన్నీళ్ళ సంగతి పిన్నిగారికి మెల్లగా చెప్పండి. ఈ స్థితిలో నిద్ర, మెలకువ వస్తూ పోతూ ఉంటాయి. కన్నీళ్ళు, ఆవులింత, చేయి పట్టుకోవడం తెలివి లేకుండానే జరగొచ్చు. అనుమానముంటే ఇంకో న్యూరాలజిస్టుకు చూపించండి, అది మీ హక్కు.

గుంటూరు ప్లీడరు:

2018 మార్చి 9న సుప్రీంకోర్టు గౌరవంగా చనిపోయే హక్కు 21వ అధికరణంలో భాగమేనంది. 2023 జనవరిలో పద్ధతిని సులువు చేసింది. నన్నిలా ఉంచొద్దని ముందే కాగితం (లివింగ్ విల్) రాయకపోయినా దారి ఉంది. ఆసుపత్రి ప్రైమరీ బోర్డు వేయాలి: చూస్తున్న డాక్టరు, ఇంకా ఇద్దరు నిపుణులు. ఆ తర్వాత సెకండరీ బోర్డు. వీలైతే ఒక్కో బోర్డు 48 గంటల్లో చెప్పాలి. రెండు బోర్డులూ సరేనంటే, మీరు ఒప్పుకుంటే, ఆసుపత్రి మేజిస్ట్రేటుకు తెలియజేసి తీసేస్తుంది. బోర్డు కాదంటే హైకోర్టుకు వెళ్ళొచ్చు. ఇది హత్య కాదు.

మీ తమ్ముడు అరుణ కేసు సగమే చెప్పాడు. ఆమెను పోనివ్వమని వేసిన పిటిషన్‌ను 2011లో సుప్రీంకోర్టు కాదన్నది నిజమే. ఎందుకంటే ఏళ్ళ తరబడి చేతులతో సేవ చేసిన కేఈఎం ఆసుపత్రి సిబ్బంది ఆమె బతకాలన్నారు. పిటిషన్ వేసిన రచయిత్రి మాట కంటే వాళ్ళ మాటకే విలువిచ్చారు. ఆ లెక్కన మీ ఇంట్లో ఎవరి మాట ముందు వినాలి? డాలస్‌లో ఉన్నాయనదా, పుండ్లకు పౌడరు వేసే అమ్మాయిదా?

ఒంగోలు అబ్బాయి:

ప్లీడరు గారూ, చెల్లెలి మాటకు విలువివ్వాలి, ఒప్పుకుంటా. కానీ అలిసిపోయింది కూడా అదే. రేపు ఎవరైనా "కూతురు విసుగెత్తి తీయించింది" అంటే? అందుకే నాకు బాబాయి మాటే అందరికంటే ముందు. మా పెద్దత్త ఉత్తరాయణంలో పోతే పుణ్యం, అది వెళ్ళిపోయేలోపే తీసేయమంటోంది. అంపశయ్య మీద కూడా తన గడువు తను పెట్టుకునే వరం భీష్ముడికుంది. బాబాయికి అదీ లేదు.

తెనాలి సుబ్బారావు:

డబ్బు గురించి సిగ్గుపడకండి బాబూ. మా అమ్మ విషయంలో మేము వేసుకున్న ప్రశ్న ఒకటే: ఖర్చంతా వేరేవాళ్ళు పెడితే ఇలాగే ఉంచేవాళ్ళమా? మా అన్నదమ్ములం నలుగురం కాదన్నాం. అప్పుడు డబ్బు మాట పైకే మాట్లాడుకున్నాం. మీకు అవునని జవాబొస్తే మాత్రం సంతకం పెట్టకండి, ముందు డబ్బు సంగతి చూడండి.

ఒంగోలు అబ్బాయి:

నిన్న రాత్రి అదే అడిగాను. చెల్లెలు వెంటనే కాదంది. తమ్ముడు చాలాసేపు లైన్లో ఉండి "నేనొచ్చేదాకా ఆగండి" అన్నాడు. టికెట్ చూస్తున్నాడు. పిన్ని ఏమీ అనలేదు, లేచి డ్రైవరు గారింటికి ఫోన్ చేసి ఆయన ఎలా పోయాడో అడిగింది.

ఒక్క సందేహం. రెండో బోర్డుకు డాక్టర్ని ఎవరు పంపాలి? మేమే తిరగాలా?

రాత్రి డ్యూటీ సిస్టర్:

జిల్లా వైద్యాధికారి పంపాలి. అడగాల్సింది ఆసుపత్రే, మీరు కాదు. సూపరింటెండెంటు పేరున అర్జీ రాసివ్వండి, మీ కాపీ మీద స్టాంపు వేయించుకోండి. నోటిమాటగా అడిగితే మళ్ళీ లామా కాగితమే చేతిలో పెడతారు.