పీఏపీఆర్ (సిగ్నల్ శిఖర పవర్‌కూ సగటు పవర్‌కూ ఉన్న నిష్పత్తి) తగ్గింది, కానీ రిసీవర్ దగ్గర తప్పులు పెరిగాయి. ఎవరైనా సాయం చేస్తారా?

అందరికీ నమస్కారం. నేను అనంతపురంలో ఎంటెక్ చదువుతున్నాను. ఓఎఫ్‌డీఎం (డేటాను చాలా సన్నని ఫ్రీక్వెన్సీల మీద ఒకేసారి పంపే పద్ధతి) సిగ్నల్‌లో పీఏపీఆర్ తగ్గించడం నా ప్రాజెక్టు. 256 సబ్‌క్యారియర్లు (ఆ సన్నని ఫ్రీక్వెన్సీలు), ఒక్కో దాని మీద క్యూపీఎస్‌కే (నాలుగు ఫేజ్‌లతో 2 బిట్లు పంపే పద్ధతి). అన్నీ ఒకే ఫేజ్‌లో కలిస్తే శిఖరం సగటు కంటే 24 డీబీ పైకి పోవచ్చు. అది చాలా అరుదు. కానీ వెయ్యిలో ఒక సింబల్ (అన్ని సబ్‌క్యారియర్ల మీద ఒకసారి పంపే డేటా ముక్క) దాదాపు 11 డీబీ దాటుతోంది, పవర్ యాంప్లిఫయర్‌కు అదే ఎక్కువ.

మొదట క్లిప్పింగ్ చేశాను. శిఖరాలు తెగాయి కానీ పవర్ పక్క బ్యాండ్‌లోకి చిందింది. ఫిల్టర్ పెడితే శిఖరాలు మళ్లీ లేచాయి. అందుకే సెలెక్టెడ్ మ్యాపింగ్‌కు మారాను. ప్రతి సింబల్‌నూ 4 రకాల ఫేజ్ వరుసలతో గుణించి, నాలుగుసార్లు ఐఎఫ్‌ఎఫ్‌టీ (సబ్‌క్యారియర్లన్నిటినీ కలిపి పంపే సిగ్నల్‌గా మార్చే లెక్క) చేసి, తక్కువ శిఖరం వచ్చినదాన్ని పంపుతున్నాను. 11 కాస్తా 8.6 డీబీకి దిగింది. ఆ గ్రాఫ్ చూసిన రాత్రి నిద్ర పట్టలేదు, అంత సంతోషం!

చిక్కు రిసీవర్ దగ్గర. ఏ వరుస వాడామో చెప్పే 2 బిట్లు ఫేడింగ్ ఛానల్‌లో (సిగ్నల్ బలం మారిపోతూ ఉండే దారిలో) తప్పుగా అందితే సింబల్ మొత్తం పోతోంది. వాటిని పక్కపక్క సబ్‌క్యారియర్లలో మూడేసి సార్లు పంపినా పెద్దగా మారలేదు. దూరదూరంగా వేయాలా? లేక పైలట్లను (రిసీవర్‌కు ముందే తెలిసిన సింబళ్లను) కూడా అదే వరుసతో గుణిస్తే, ఈ బిట్లు లేకుండానే రిసీవర్ కనిపెట్టగలదా? టోన్ రిజర్వేషన్‌లో (కొన్ని సబ్‌క్యారియర్లను శిఖరాలు తగ్గించడానికే కేటాయించే పద్ధతిలో) ఈ బాధ ఉండదని తెలుసు, కానీ కొన్ని సబ్‌క్యారియర్లు వదులుకోవాలి.

వచ్చే వారమే రివ్యూ, చాలా టెన్షన్‌గా ఉంది. ఇది స్వయంగా చేసి చూసినవాళ్లు ఏ దారి పట్టారో చెప్పండి, ప్లీజ్.