ఫ్రెడ్డీ వర్ధంతికి క్వీన్ పాటలు: స్ట్రాట్ గిటార్‌లో పికప్‌లు సిరీస్‌కి మార్చినవాళ్లు ఉన్నారా?

నవంబర్ 24న క్వీన్ బ్యాండ్ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ వర్ధంతికి క్వీన్ పాటలు వాయిస్తున్నాం. ఆ గొంతు ఇంకెవరికీ రాదు, కనీసం గిటార్ అయినా దగ్గరగా పలకాలి. క్వీన్ గిటారిస్ట్ బ్రయాన్ మే గిటార్ రెడ్ స్పెషల్‌లో మూడు పికప్‌లూ (తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే కాయిల్స్) సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా ఉంటాయి, ఒక్కోదానికీ ఆన్-ఆఫ్, ఫేజ్ (సిగ్నల్‌ను తిరగేసే) స్విచ్‌లు వేరు. మా స్ట్రాట్‌లో రెండు కలిపితే ప్యారలల్, అంటే పక్కపక్కన. అందుకే ట్రెబుల్ బూస్టర్ (పై స్వరాలను పెంచే పెడల్) నుంచి వాక్స్ ఏసీ30 ఆంప్ నార్మల్ ఛానెల్‌కి నేరుగా పెట్టినా సోలో పల్చగా, చెవిలో గుచ్చుకునేలా వస్తోంది. పిక్ బదులు నాణెంతో మీటితే వచ్చే ఆ గరగర మాత్రం చక్కగా కుదిరింది.

బ్రిడ్జ్, మిడిల్ పికప్‌లను డీపీడీటీ (రెండు కనెక్షన్లను ఒకేసారి మార్చే) స్విచ్‌తో సిరీస్‌కి మార్చినవాళ్లు చెప్పండి: ఒంటి పికప్‌కి వచ్చినప్పుడు సౌండ్ మరీ పడిపోతుందా? మా మిడిల్ పికప్ రివర్స్ వౌండ్ (తీగ తిరగేసి చుట్టినది), ఫేజ్ తిప్పితే హమ్ (కరెంటు గుయ్ శబ్దం) పెరుగుతుంది. దాన్ని స్టేజీ మీద ఎలా అదుపు చేస్తున్నారు? బూస్టర్ ముందు నాయిస్ గేట్ (వాయించనప్పుడు శబ్దం ఆపే పెడల్) పెడితే దానిలోని బఫర్ సర్క్యూట్ వల్ల గిటార్ వాల్యూమ్ తగ్గించినా సౌండ్ శుభ్రపడదు, కాబట్టి అది వద్దు.